కెమెరా బరువు

టెలివిజన్‌లో పనిచేసిన ఆడవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు అందరికన్నా ముందు నాకు వినపడిన మాట జీతం గురించి కాదు, బరువు గురించి. "కెమెరా బరువు కదా, నువ్వు మోయలేవన్నారు." దూరదర్శన్ రోజుల్లో ఉద్యోగంలో చేరినామె ఈ మాటే చెప్పింది. ప్రైవేటు చానళ్లు వచ్చిన కొత్తలో చేరినామె కూడా ఇదే చెప్పింది. గుప్పిట్లో పట్టే కెమెరాలు వచ్చాక జర్నలిజం చదివి వచ్చిన అమ్మాయి కొంచెం మాట మార్చి మళ్లీ ఇదే చెప్పింది. ఆమె కాలానికి కెమెరా బరువు కిలోన్నరకు దిగింది. మాట మాత్రం దిగలేదు. అయితే ఇంతకాలం ఆడవాళ్లని ఆపిన బరువు దేనిది? ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నది దాన్నే.

నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. స్త్రీల రచనల మీద పనిచేసేవాళ్లం పుస్తకం అట్ట మీది పేరు దగ్గరే ఆగిపోం. ఎవరు రాశారు, ఎవరు దిద్దారు, ఎవరి పేరు పడకుండా పోయింది అని వెతుకుతాం. అదే అలవాటుతో టీవీ కార్యక్రమాల చివర గబగబా పైకి వెళ్లిపోయే పేర్లను చదవటం మొదలుపెట్టాను. ఆడవాళ్ల పేర్లు లేకపోలేదు. వ్యాఖ్యానం దగ్గరుంటాయి, మేకప్ దగ్గరుంటాయి, 'సహకారం' అనే పెద్ద సంచీలో చాలా ఉంటాయి. ఛాయాగ్రహణం, నిర్మాణం దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోతాయి. టీవీలో ఒక స్త్రీ ప్రొడ్యూసర్‌గా, వీడియో జర్నలిస్టుగా ఎదగటం ఎలా అనేది ఉద్యోగ సలహాల పేజీలో అడగవలసిన ప్రశ్నలా కనిపిస్తుంది. నాకది చరిత్రను అడగవలసిన ప్రశ్న.

ముందు ఈ రెండు మాటల అర్థం తేల్చుకుందాం. సినిమాలో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. టీవీలో ప్రొడ్యూసర్ అంటే నిర్ణయాలకు సంతకం పెట్టే మనిషి. ఏ కథ తీసుకోవాలి, ఎవరిని పంపాలి, బండి ఎన్ని గంటలకు ఇవ్వాలి, ఎడిటింగ్ గది ఎవరికి ఎప్పుడు దొరకాలి, తీసుకొచ్చిన దృశ్యాల్లో ఏది ఉండాలి, ఏది పోవాలి - ఇవన్నీ ఆ సంతకంలో ఉంటాయి. వీడియో జర్నలిస్టు అంటే వార్త సేకరించే మనిషి, దృశ్యం తీసే మనిషి ఒక్కరే కావటం. మన చానళ్లలో మాత్రం కెమెరామన్‌నే మర్యాదగా వీడియో జర్నలిస్టు అనే అలవాటు స్థిరపడింది. పేరు పెరిగింది కానీ ప్రశ్నలు అడిగే పని మైకు పట్టుకున్నవారి దగ్గరే ఉండిపోయింది. మొత్తానికి మనం మాట్లాడుకుంటున్నది రెండు అధికారాల గురించి. ఒకటి చూపు మీద అధికారం, ఇంకొకటి కోత మీద అధికారం.

తెలుగు పల్లెల్లోకి టెలివిజన్ పెద్దయెత్తున వచ్చింది ఒక ప్రయోగంగా. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారుచేసే మూడు కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ అందులో ముఖ్యమైన విషయాలు. అది ఎమర్జెన్సీ కాలం కూడా. పల్లెటూరి ఆడది అందులో ప్రేక్షకురాలు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గురి. ఆమెకు చెప్పాలి, ఆమె వినాలి, విని మారాలి. ఆమె తిరిగి ఏదైనా చెప్పటానికి ఆ ఏర్పాటులో తోవ లేదు. మన టీవీ చరిత్ర ఇలా మొదలైందని గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవి బాగా అర్థమవుతాయి.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తెలుగులో వార్తలు చదవటం మొదలుపెట్టారు. ఆ గొంతు, ఆ ముఖం మన ఇళ్లల్లో ఇప్పటికీ గుర్తే. ఆయన 2024లో చనిపోయినప్పుడు ఊరూరా ఆ సాయంత్రాలను తలుచుకున్నారు. అది సహజమే. టీవీ మనకిచ్చే జ్ఞాపకం ముఖాలదే. ఆ వార్తల వెనక, ఆ స్త్రీల కార్యక్రమాల వెనక, పిల్లల కార్యక్రమాల వెనక కూర్చుని ఏది ఎంతసేపు ఉండాలో తేల్చినవారి పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి?

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆడవాళ్లకు 'కెరీర్' అనే మాట పూర్తి అర్థంలో దొరికింది ఆ సర్కారు కొలువులోనే. గ్రేడు, ఇంక్రిమెంటు, ప్రసూతి సెలవు, పెన్షన్ ఉండేవి. ప్రోగ్రామ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒకామె నాతో మాట్లాడుతూ, తన ఉద్యోగాన్ని ఎవరూ తీసేయలేరనే ధైర్యం వల్లే కొన్నిసార్లు పైవాళ్లతో వాదించగలిగానని చెప్పింది. అయితే ఆమెకు దక్కిన కార్యక్రమాలన్నీ వంట, కుట్టు, శిశు సంరక్షణ చుట్టూనే తిరిగాయి. ఎన్నికలు, వరదలు, బడ్జెట్టు వస్తే మగ సహోద్యోగులకు వెళ్లేవి. కారణం అడిగితే బయటి షూటింగు కష్టం, సామాను బరువు, రాత్రుళ్లు ఉండాలి అనేవాళ్లు. ఆమె మేలు కోరి చెబుతున్నట్టే చెప్పేవాళ్లు. పితృస్వామ్యం ఆఫీసులో ఎక్కువగా మాట్లాడేది ఈ గొంతుతోనే.

సామాను నిజంగానే బరువుగా ఉండేది. యూ-మాటిక్ టేపుల కాలంలో కెమెరా వేరు, రికార్డర్ వేరు. రెంటినీ కలుపుతూ కేబుల్. భుజాన కెమెరా ఉన్న మనిషి వెనకే రికార్డర్ మోస్తూ ఇంకో మనిషి నడవాలి. లైట్లకి ఒకరు, మైకుకి ఒకరు. 1982లో సోనీ బీటాకామ్ వచ్చి కెమెరాను, రికార్డర్‌ను ఒక్కటి చేసింది. అప్పుడు కూడా భుజం మీది బరువు తక్కువేం కాదు. కానీ ఇక్కడ ఆగి ఒక్క సంగతి ఆలోచించండి. అదే రోజుల్లో అదే హైదరాబాదులో కొత్తగా లేస్తున్న భవనాల మీదికి ఇటుకలు, సిమెంటు తట్టలు మోసింది ఎవరు? పాలమూరు నుంచి వలస వచ్చిన ఆడకూలీలు. రోజంతా, చంకలోనో చెట్టు కింద ఉయ్యాలలోనో బిడ్డని పెట్టుకుని మోశారు. ఆ బరువు గురించి ఎవరూ జాలిపడలేదు. అంటే ఆడవాళ్లు బరువు మోయలేరన్నది సిద్ధాంతం కాదు. ఏ బరువు మోయవచ్చు, ఏది మోయకూడదు అన్నదే సిద్ధాంతం. కూలి తెచ్చే బరువు మోయవచ్చు. అధికారం తెచ్చే బరువు మాత్రం మోయకూడదు.

ఈ సంగతిని మొదట పట్టుకున్నది టీవీ సంస్థల్లోని వాళ్లు కాదు. 1967లో సోనీ కంపెనీ 'పోర్టాపాక్' అనే, ఒక మనిషి మోసుకుపోగల వీడియో పరికరాన్ని తెచ్చింది. స్టూడియోల దృష్టిలో దాని బొమ్మ నాసిరకం. స్టూడియోలకు పనికిరాదు కాబట్టే అది బయటివాళ్ల చేతికి వచ్చింది. అమెరికాలో 1970లలో స్త్రీవాదులు, కళాకారిణులు దాన్ని అందిపుచ్చుకున్నారు. సినిమాకున్నట్టు వీడియోకి అప్పటికింకా మహానుభావుల పరంపర లేదు, గురువులు లేరు. ఖాళీ చోటులో మనం కూర్చోవటం తేలిక.

మనదేశంలో అలాంటి ఖాళీ చోటు 1984లో అహమ్మదాబాదులో దొరికింది. ఇలాభట్ నాయకత్వంలోని 'సేవా' సంఘానికి న్యూయార్క్ నుంచి మార్తా స్టువర్ట్ వచ్చి ఇరవై మంది సభ్యులకు వీడియో నేర్పారు. వాళ్లలో చదవటం రాయటం రానివాళ్లున్నారు. మానెక్‌చౌక్ బజారులో కూరగాయలమ్మే లీలాబెన్ అందులో ఒకరు. మూడు వారాల శిక్షణ. టేపు మీద, మీటల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను వాళ్లు బొమ్మలుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ ఆడవాళ్లు తీసిన వీడియోలు సంఘం సభ్యుల మధ్య తిరిగాయి, అధికారుల ముందుకూ వెళ్లాయి. బజారులో గంప పెట్టుకోవటానికి చోటు కోసం పోరాడే స్త్రీలు ఆ బజారును తమ కళ్లతో తీసి చూపించారు. సైట్ ప్రయోగం 'గురి'గా పెట్టుకున్న స్త్రీ ఎనిమిదేళ్లకు కెమెరా వెనక్కి వచ్చి నిలబడింది.

రెండేళ్లకు ఢిల్లీలో ఇంకో ప్రయత్నం. జామియా మిలియా విశ్వవిద్యాలయంలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రంలో చదువు ముగించుకున్న యువతులు 1986లో 'మీడియాస్టార్మ్' అనే బృందంగా ఏర్పడ్డారు. షోహిని ఘోష్, సబీనా గడిహోక్, రంజని మజుందార్, శిఖా ఝింగన్, సబీనా కిద్వాయ్, చారు గార్గి. షాబానో తీర్పు తర్వాత వచ్చిన ముస్లిం మహిళల బిల్లు మీద వాళ్లు వెంటనే వీడియో తీశారు. 1987 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్‌ను భర్త చితి మీద కాల్చేశాక అక్కడికి వెళ్లి 'ఫ్రమ్ ద బర్నింగ్ ఎంబర్స్' తీశారు. సతిని కీర్తిస్తూ వేలాది మంది పోగైన చోటికి ఆడపిల్లలు కెమెరాలతో వెళ్లటం అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. కెమెరా, సౌండు, ఎడిటింగ్ అన్నీ తామే చేసుకున్నారు. వాళ్లలో పలువురు తర్వాత విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకులయ్యారు, సినిమా గురించీ కెమెరా గురించీ పుస్తకాలు రాశారు. టీవీ సంస్థలు మాత్రం ఆ నైపుణ్యానికి తగిన పెద్ద కుర్చీలు వేయలేదు.

అదే దశాబ్దంలో పెద్ద కుర్చీలో కూర్చున్న స్త్రీలూ ఉన్నారు. రాధికా రాయ్ 1984లో ఎన్డీటీవీని ప్రణయ్ రాయ్‌తో కలిసి మొదలుపెట్టారు. మధు త్రెహాన్ 1988లో 'న్యూస్‌ట్రాక్' అనే నెలవారీ వీడియో పత్రికను తెచ్చారు. ప్రసారమంతా ప్రభుత్వం చేతిలో ఉన్న రోజులవి. కాబట్టి ఆ వార్తలు ఆకాశంలోంచి రాలేదు. క్యాసెట్లుగా, సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాల గుండా ఇళ్లకు చేరాయి. ప్రభుత్వానికి బయట తలుపు తీసుకున్నవాళ్లలో స్త్రీలు ముందుండటం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఆ తలుపు ఎవరికి తెరుచుకుందో కూడా చూడాలి. ఇంగ్లీషు, ఢిల్లీ, పత్రికారంగంలో అప్పటికే ఉన్న చోటు - ఈ మూడూ ఉన్నవాళ్లకి. బజారులో గంప పెట్టుకునే లీలాబెన్‌కీ వాళ్లకీ మధ్య దూరాన్ని 'స్త్రీలు' అనే ఒక్క మాటతో పూడ్చలేం.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. జెమిని కూడా ఆ ఏడాదిదే. అదే 1995లో సోనీ చిన్న డిజిటల్ టేపుల కెమెరా ఒకటి తెచ్చింది, కిలోన్నర చుట్టూ ఉంటుంది. తీర్పు, చానళ్లు, తేలిక కెమెరా మూడూ ఒక్క ఏడాదిలో వచ్చాయి. బరువే అసలు అడ్డంకి అయితే, 2004లో టీవీ9 వచ్చి ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తల పోటీ ఊపందుకునేనాటికి వీధుల్లో కెమెరాలు పట్టిన ఆడవాళ్లు కనిపించి ఉండాలి.

కనిపించారు, కానీ కెమెరా ముందు. న్యూస్‌రూముల్లో అమ్మాయిలు నిజంగానే పెరిగారు. డెస్కులో, వాయిస్ ఓవర్‌లో, స్టూడియోలో, మధ్యాహ్నం వేళ 'మహిళల' కార్యక్రమాల్లో. నేను మాట్లాడినవాళ్లలో ఒకామె ప్రోగ్రామ్ ప్రొడ్యూసర్ హోదాతో ఎన్నో ఏళ్లు పనిచేసింది. అతిథుల్ని పిలవటం, స్క్రిప్టు, సెట్టు, ఎడిటింగ్, చివరికి స్పాన్సర్ ఇచ్చిన చీర యాంకర్‌కి నప్పిందా లేదా చూడటం వరకూ అన్నీ ఆమె పనే. నెల బడ్జెట్టు తేల్చే మీటింగులోకి మాత్రం ఆమెను పిలవలేదు. హోదా ఇచ్చి సంతకం ఇవ్వకపోవటం ఎలా ఉంటుందో ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంకో అమ్మాయి కెమెరా నేర్చుకుని వచ్చింది. ఔట్‌డోర్ బండిలో ఒక్క ఆడమనిషి ఉంటే డ్రైవరు దగ్గర్నుంచి అసిస్టెంటు దాకా అందరికీ ఇబ్బంది అన్నారట. 'మోయలేవు' అనే మాట 'మాకు ఇబ్బంది'గా మారింది. పెళ్లయ్యాక ఆ అమ్మాయి డెస్కుకు మారింది. ఎవరూ బలవంతం చేయలేదు. బలవంతం చేయవలసిన అవసరం రాకుండానే పనులు జరిగిపోవటాన్నే వ్యవస్థ అంటాం.

రాత్రి సంగతి కూడా మాట్లాడుకోవాలి. వార్తల ఉద్యోగంలో రాత్రి షిఫ్టు చేయనివాళ్లకి ఎదుగుదల ఉండదు. 2008 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున సౌమ్యా విశ్వనాథన్ ఢిల్లీలో ఆఫీసు నుంచి ఇంటికి కారు నడుపుకుంటూ వెళుతుండగా కాల్చి చంపారు. ఆమె హెడ్‌లైన్స్ టుడే చానల్లో ప్రొడ్యూసర్. వయసు ఇరవై అయిదు. అప్పటి ముఖ్యమంత్రి షీలా దీక్షిత్, స్త్రీ అయి ఉండీ, అంత సాహసం చేయకూడదన్న అర్థంలో మాట్లాడారు. పని ముగించుకుని ఇంటికి వెళ్లటం సాహసమెలా అయింది? కింది కోర్టు నిందితులను దోషులుగా తేల్చటానికి 2023 అక్టోబర్ దాకా పట్టింది. ఈ మధ్యలో 1997 నాటి విశాఖ తీర్పు మార్గదర్శకాలు 2013లో చట్టమయ్యాయి. పని కోసం వెళ్లే చోటు, యజమాని ఏర్పాటుచేసే వాహనం కూడా పనిస్థలమేనని ఆ చట్టం ఒప్పుకుంది. ఔట్‌డోర్ బండి కూడా ఆఫీసే అన్నమాట. కాగితం మీద ఈ నాలుగు అక్షరాలు రావటానికి ఎంతమంది స్త్రీలు ఎంత పోగొట్టుకున్నారో లెక్కించటం కష్టం.

ఇక మన నేల మీదే జరిగిన, మన టీవీ చరిత్రలు పెద్దగా పట్టించుకోని ఒక కథ. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతం. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి పల్లెల్లో ఎక్కువగా దళిత స్త్రీలతో సంఘాలు కట్టింది. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. గ్రామాలకు టీవీ ఎలా మాట్లాడుతుందో లోపలి నుంచి చూసిన మనిషి. 1990ల చివర పస్తాపూర్‌లో సంఘం ఆడవాళ్లకి కెమెరా నేర్పటం మొదలైంది. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. పొద్దున జొన్నచేలో కలుపుతీసి, మధ్యాహ్నం ఎడిటింగ్ ముందు కూర్చున్న స్త్రీలు వాళ్లు. కెమెరా బరువు అన్న మాట వాళ్ల దగ్గర చెల్లలేదు. నెత్తిన గడ్డిమోపు మోసినవాళ్లకి ఆ చిన్న పెట్టె ఒక బరువా!

వాళ్లు చేసిన పనుల్లో నన్ను అన్నింటికన్నా ఆపేసింది భాష. సినిమా బళ్లలో హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని నేర్పుతారు. ఈ ఆడవాళ్లు వాటికి తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. పటేల్ అరుగు మీద కూర్చుని కూలివాళ్లని చూసే చూపు అది. కింద కూర్చుని పైకి చూస్తే జీతగాడి చూపు, బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. సంఘంలో అందరూ చాపల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. చూపులో అధికారం ఉంటుందని స్త్రీవాద సినిమా సిద్ధాంతం పెద్ద పెద్ద వ్యాసాల్లో చెప్పింది. నేనవి చదివాను, క్లాసులో పాఠంగా చెప్పాను కూడా. అవే మాటలు మూడు షాట్ల పేర్లలో ఇమిడిపోవటం చూశాక మనం సిద్ధాంతమని దేన్ని పిలుస్తున్నామా అని ఆలోచనలో పడ్డాను.

2002 మార్చిలో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ పంటకాలమంతా ఈ ఆడవాళ్లు వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారు. విత్తనం నాటినప్పటి ఆశ నుంచి పంట చేతికొచ్చినప్పటి కోపం దాకా నెలనెలా రికార్డు చేశారు. 2003లో వచ్చిన ఆ చిత్రం వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకంత కోపం అని పేరులోనే అడుగుతుంది. తర్వాత మూడేళ్ల అనుభవం మీద ఇంకోటి తీశారు. దక్షిణాఫ్రికా, మాలి, ఇండొనేషియా రైతుల అనుభవాలతో మరొకటి తీశారు. 2005లో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరించారు. దానికి కారణాలు అనేకం, ఒక్క చిత్రానికే కట్టబెట్టలేం. కానీ పత్రికా విలేకరి ఒక్కరోజు వచ్చి రాసుకుపోయేదానికీ, పంటతో పాటు ఏడాది పొడుగునా తిరిగేదానికీ తేడా ఏమిటో ఆ పని చూపించింది. రైతు భాష రైతుకే చెప్పవలసిన పని లేదు. ప్రశ్న అడిగే మనిషికి విత్తనం సంగతి తెలుసు, అప్పు సంగతీ తెలుసు. వీడియో జర్నలిజం అంటే ఇదే కదా.

వాళ్ల చూపు వీడియో దగ్గరే ఆగలేదు. 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియోను జస్టిస్ పి.బి. సావంత్ ప్రారంభించారు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అన్న 1995 తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. తీర్పు వచ్చిన ఏడాదే పెద్ద పెట్టుబడుల చానళ్లు వచ్చేశాయి. తీర్పులోని 'ప్రజలు' అనే మాట పల్లెలోని దళిత స్త్రీ దాకా రావటానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది.

అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. దీన్ని వాళ్ల 'కెరీర్' అంటామా? నగరంలో కెమెరా పట్టినవాడికి అనుభవం పెరిగేకొద్దీ హోదా పెరుగుతుంది. ఇంకో చానల్ ఎక్కువ జీతానికి పిలుస్తుంది. చిత్రాలు తీసిన ఈ స్త్రీల గురించి రాసేవాళ్లు 'చదువురాని దళిత స్త్రీలు కెమెరా పట్టారు' అని ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతారు. ఆశ్చర్యం కూడా ఒక రకం పటేల్ షాటే. ఏ చిత్రకారుడి గురించైనా మొదటి వాక్యంలో అతని చదువు లేకపోవటం గురించి రాస్తామా? అతని కూర్పు గురించి, లయ గురించి రాస్తాం. ఈ స్త్రీల పనిని పనిగా చర్చించిన విమర్శ తెలుగులో చాలా తక్కువ. ఆ లోటు వాళ్లది కాదు, మాలాంటి పరిశోధకులది.

ఇప్పుడు కెమెరా ఫోనులోకి దిగిపోయింది. బరువు అనే మాట పూర్తిగా చెల్లిపోవలసిన కాలం. 1992లో న్యూయార్క్‌లో ఎన్‌వై1 అనే చానల్ విలేకరుల చేతికే కెమెరాలిచ్చి, ఒక్క మనిషే వెళ్లి, తీసి, అడిగి తెచ్చే పద్ధతిని నడిపింది. అప్పట్లో అది వింత. ఇప్పుడు అది మామూలు. జిల్లాల్లో పనిచేసే యువతి తానే తీస్తుంది, తానే ఎడిట్ చేస్తుంది, తానే గొంతు ఇస్తుంది, తానే పంపుతుంది. నలుగురి పని ఒక్కరు చేస్తున్నారు. జీతం మాత్రం నలుగురిది కాదు, చాలాచోట్ల ఒక్కరిది కూడా కాదు, వార్తకింతని లెక్క. బరువైన కెమెరా కాలంలో ఆ నాలుగు జీతాలూ మగవాళ్లవి. కెమెరా తేలికై ఆడవాళ్ల చేతికి వచ్చేసరికి జీతమూ తేలికైంది. ఒక పనిలోకి స్త్రీలు వచ్చాక దాని విలువ తగ్గటం, విలువ తగ్గిన పనిలోకి స్త్రీలను రానివ్వటం - బీడీల నుంచి బడిపంతులు ఉద్యోగం దాకా మనకు తెలిసిన కథే.

ఈ కథకు ఎదురు నిలిచినవాళ్లు కూడా ఉన్నారు. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో బుందేలీ భాషలో మొదలైన 'ఖబర్ లహరియా' పత్రికను నడిపింది దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనకబడిన కులాల స్త్రీలు. తర్వాత వాళ్లు కాగితం నుంచి ఫోను వీడియోకి మారారు. అక్కడి స్త్రీలు విలేకరులుగా చేరి సంపాదకులయ్యారు, సంస్థను నడిపే స్థానాల్లోకి వచ్చారు. కోత మీద అధికారం అంటే అది. వాళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. ప్రపంచమంతా పొగుడుతున్న ఆ సమయంలోనే, ఆ చిత్రం తమ పనిని పూర్తిగా చూపలేదని, తమను ఒకే పార్టీ వార్తల మీద గురిపెట్టినవాళ్లుగా చూపించటం సరికాదని ఖబర్ లహరియా బహిరంగంగా చెప్పింది. ఆ ప్రకటన సరైనదా కాదా అని చాలామంది వాదించారు. నాకు కనిపించింది వేరు. తమను తీసిన దృశ్యాన్ని కూడా ఎడిటర్ల కళ్లతో చూసి, ఇక్కడ కోత తప్పింది అని చెప్పగలిగే స్థితికి ఆ స్త్రీలు వచ్చారు. 1975లో పల్లెటూరి ఆడదానికి లేకుండా పోయిన జవాబు అది.

అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి టీవీలో చేరతామంటే కొన్ని ప్రశ్నలు రాసి ఇస్తున్నాను. ఉద్యోగ పత్రంలో నీ హోదా ఏమని రాశారు? ఆ హోదాకి బడ్జెట్టు మీటింగులో కుర్చీ ఉందా? రాత్రి షిఫ్టు తర్వాత ఇంటికి బండి ఎవరిది? అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందా, దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? చివర వచ్చే పేర్లలో నీ పేరు ఏ పని పక్కన పడుతుంది? నువ్వు తీసిన దృశ్యాల ప్రతి నీ దగ్గర ఉంచుకోనిస్తారా? ఆఖరి ప్రశ్నకు అమ్మాయిలు నవ్వుతారు. ప్రతి ఎందుకు మేడమ్ అంటారు. టేపు ఖరీదైన రోజుల్లో కార్యక్రమం అయిపోగానే దాన్ని చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లని, వంట కార్యక్రమాలు, స్త్రీల చర్చలు ముందు చెరిగిపోయేవని రిటైరైన ఆమె నాకు చెప్పింది. ఆమె సర్వీసు మొత్తంలో చేసిన పనిలో ఇప్పుడు ఆమె దగ్గరున్నవి రెండు క్యాసెట్లు. వాటిని ఆడించే మెషీను ఆమె ఇంట్లో లేదు. ఎక్కడ దొరుకుతుందో కనుక్కునే పనిలో ఉన్నాను.